రెండు పిస్టళ్ళూ ఒకేసారి పంపాం

ఆ పిస్టళ్ళు మేమిద్దరం ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నాం. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. కొనాలనుకున్నది అక్క. నేను తోడుగా వెళ్ళాను, అంతే. కౌంటర్ దగ్గర నిలబడ్డాక అక్క నా మోచెయ్యి పట్టుకుని, తనొక్కతే కొంటే భయంగా ఉంటుందని, నన్ను కూడా ఒకటి తీసుకోమంది. తీసుకున్నాను. ఆ రోజుల్లో అక్క ఏమడిగినా కాదనే ధైర్యం నాకు లేదు.

అక్క నాకు చుట్టం కాదు. అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం మొదట దిగిన అపార్ట్‌మెంట్లలో మా కింది వాటాలో ఉండేవాళ్ళు. వాళ్ళది వరంగల్, మాది కాకినాడ. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. నాకు పథ్యం వండి, పిల్లకి నలుగు పెట్టి స్నానం చేయించింది అక్కే. వాళ్ళాయన్ని బావగారూ అని పిలిచేదాన్ని. ఆయనా నేనూ ఒకే కంపెనీలో, ఒకే అంతస్తులో పనిచేసేవాళ్ళం. అది కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీ. కార్ల పరిశ్రమ కుప్పకూలిన ఆ చలికాలంలో మా అంతస్తులో చాలా కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆయనది పోయింది, నాది మిగిలింది. పనిలో ఆయన నాకంటే ఎంతో సీనియర్. ఆయన అట్టపెట్టెలో సామాను సర్దుకుంటుంటే సాయం చేద్దామని వెళ్ళి, ఏం చెయ్యాలో తోచక, ఆయన కాఫీ కప్పు కడిగి తెచ్చి ఇచ్చాను.

మళ్ళీ ఉద్యోగం దొరకలేదు. దాచుకున్నదంతా పెట్టి డెట్రాయిట్ హద్దు మీద ఒక పార్టీ స్టోర్ కొన్నారు. పేరుకే పార్టీ. అందులో ఉండేవి బీరు, సిగరెట్లు, లాటరీ టికెట్లు, పాలు, బ్రెడ్డు. బావగారు హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళినప్పుడల్లా అక్క ఒక్కతే కౌంటర్‌లో కూర్చునేది. పక్క వీధిలో ఇంకో దుకాణాన్ని దోచుకున్నారని విన్నాకనే పిస్టల్ మాట వచ్చింది.

అక్కది కౌంటర్ కింద, క్యాష్ రిజిస్టర్‌కి కుడిపక్క అరలో, మడతపెట్టిన తువ్వాలు మీద ఉండేది. తూటా ఎక్కించే ఉంచేది. నాది మా పడగ్గది అల్మారా పై అరలో, తాళం వేసిన పెట్టెలో, పట్టుచీరల సూట్‌కేసు వెనకాల ఉండేది. మా ఆయనకి అది ఇంట్లో ఉండటమే ఇష్టం లేదు. కానీ అక్క కోసమని ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి నేర్చుకునేవాళ్ళం. అక్కడ మాకు నేర్పేది రిటైరైన పోలీసాయన ఒకరు. మాతో పాటు నేర్చుకునే ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. అక్క గురి చక్కగా కుదిరేది. ముగ్గుకి చుక్కలు పెట్టినంత శ్రద్ధగా కాల్చేది. నేను ప్రతిసారీ కళ్ళు మూసుకునేదాన్ని.

పిస్టళ్ళు కొన్న మూడో ఏడు, మంచు ఇంకా కరగని రోజుల్లో, పోలీసాయన ఒక కాగితం తెచ్చి రేంజ్ గోడకి అంటించాడు. మా మోడల్ పిస్టళ్ళని కంపెనీ రీకాల్ చేసింది. పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసి ఉన్నా సరే, చేతిలోంచి జారి గట్టి నేల మీద పడితే దానంతటదే పేలే ప్రమాదం ఉందట. వెంటనే వాడటం ఆపి తమకి పంపితే, లోపలి భాగం మార్చి, ఖర్చంతా తామే పెట్టుకుని తిరిగి పంపుతామని రాశారు.

ఆ మోడల్ మా గుంపులో ఇంకా ఇద్దరి దగ్గర ఉంది. స్కూల్ బస్సు నడిపే ఆవిడ చదివి నవ్వింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కింద పడెయ్యలేదు, ఇప్పుడెందుకు పడేస్తానంది. పళ్ళ డాక్టర్ దగ్గర పనిచేసే ఇంకొకావిడ, వాళ్ళు లోపల చెయ్యి పెడితే ట్రిగ్గర్ బిగుసుకుపోతుందనీ, తన వేలికి అలవాటైనదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వననీ అంది. గన్ నంబర్లు పోగుచెయ్యడానికి ఇదంతా ప్రభుత్వం ఆడిస్తున్న ఆట అని పక్క వరసలో కాలుస్తున్న పెద్దాయన తేల్చేశాడు. పోలీసాయన మాత్రం అందర్నీ పంపమనే చెప్పాడు. చెప్పి, తనదింకా పంపలేదని ఒప్పుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కంపెనీలో నేను చేసేది రీకాల్ పనే. ఏదో ఒక భాగంలో లోపం బయటపడితే, ఆ కార్లున్నవాళ్ళకి ఏమని చెప్పాలి, ఎలా బాగుచెయ్యాలి, ఇవి తేల్చే గుంపులో నేనొకదాన్ని. మేం అంత జాగ్రత్తగా రాసి పంపిన ఉత్తరాల్ని జనం పిజ్జా కూపన్లతో కలిపి చెత్తబుట్టలో వేస్తారు. వాళ్ళ మీద ఎన్నాళ్ళుగానో ఉన్న కోపమంతా ఆ పొద్దున రేంజ్‌లో వాళ్ళ మీదికి మళ్ళింది. బయటికొచ్చి కార్ ఎక్కగానే, రేపే పంపేద్దాం అక్కా అన్నాను.

అద్దం మీద మంచు కరిగేదాకా హీటర్ వేసుకుని కూర్చున్నాం.

"పంపితే మల్ల ఎన్నడొస్తదో," అంది.

రెండు మూడు వారాలని రాశారని చెప్పాను.

"అట్లైతే ఒక పని చేద్దం. నీది నాకియ్యి, ముందుగాల నాది పంపుదం. నాది వచ్చినంక నీది పంపుదం. నీది ఎట్లాగూ అల్మారలనే ఉంటది కద."

"నీదెంత పాడో నాదీ అంతే పాడు అక్కా. బ్రేకులు పోయిన కారిచ్చి, బ్రేకులు పోయిన ఇంకో కారు ఇమ్మంటున్నావు."

"నేను కింద పడెయ్య."

"పడేద్దామని ఎవరూ పడెయ్యరు."

నా పేరు మీద ఉన్నది వాళ్ళ దుకాణంలో ఉంటే చట్టం ఒప్పుకోదని కూడా అన్నాను. అది నిజమో కాదో అప్పటికి నాకు తెలియదు. మాట నెగ్గడానికి అన్నాను.

"సరే తియ్యి," అంది అక్క. "నువ్వు ఇంజినీరువి. నువ్వు చెప్తే కాదంటనా."

మర్నాడు మా డైనింగ్ టేబుల్ మీద రెండిటినీ ప్యాక్ చేశాను. పగలు అక్కావాళ్ళు దుకాణంలో ఉంటారు, మా ఆయన ఇంటి నుంచే పనిచేస్తాడు. సంతకం పెట్టి తీసుకోవడానికి మనిషి ఉంటాడని తిరిగి పంపాల్సిన చోటుగా రెండు పెట్టెల మీదా మా ఇంటి అడ్రసే రాశాను. కొరియర్ మనిషి తీసుకెళ్ళాక నాకెంతో తృప్తిగా అనిపించింది. జనమంతా మాలా ఉంటే నా ఉద్యోగం ఎంత సులువో అని మా ఆయనతో అన్నాను కూడా.

మూడు వారాలు దాటాయి, రాలేదు. ఫోన్ చేస్తే, చాలామంది పంపారనీ, వరసలో ఉన్నాయనీ చెప్పారు. మొదట్లో అక్క ప్రతి ఆదివారం అడిగేది. తర్వాత అడగడం మానేసింది. మంచు కరిగింది, తులిప్ పూలు వచ్చి వాడిపోయాయి. మా అల్మారాలో ఆ చోట మా ఆయన పాత టాక్స్ కాగితాలు పెట్టుకున్నాడు. ఆ పెట్టె లేదన్న సంగతే నాకు గుర్తుండేది కాదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా బావగారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడూ ఆఫీసు టైములో చెయ్యరు. హాస్పిటల్ పేరు చెప్పి, మీ అక్కని కొట్టారు రమ్మని పెట్టేశారు.

ఏం జరిగిందో అక్కే చెప్పింది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. బావగారు సరుకులకి వెళ్ళారు. ఒక కుర్రవాడు వచ్చాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవట. ఒక చెయ్యి జాకెట్ జేబులో పెట్టుకుని, రిజిస్టర్ తెరవమన్నాడు. తెరుద్దామనే అనుకుందట అక్క. మనసు అలాగే అనుకుంది, కుడిచెయ్యి మాత్రం కౌంటర్ కిందికి వెళ్ళిపోయింది. అక్కడ తువ్వాలే ఉంది. చెయ్యి కిందికి పోవడం అతను చూశాడు. భయపడినట్టున్నాడు. కౌంటర్ మీద ప్రదర్శనకి పెట్టిన విస్కీ సీసా అందుకుని, కౌంటర్ మీదుగా వంగి ఆ చేతి మీద కొట్టాడు. సీసా పగిలేదాకా కొట్టాడు. తర్వాత ఏమీ తీసుకోకుండానే పారిపోయాడు.

మణికట్టులో ఎముకలు విరిగాయి. గాజుపెంకు దిగి వేళ్ళని ఆడించే నరాలు తెగాయి. ఆ కుర్రవాడి జేబులో గన్ ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. ఉంటే వాడేవాడు కదా అన్నారు పోలీసులు.

"అక్కడ లేదని నాకు తెలుసు," అంది అక్క. "తెలిసే పెట్టిన చెయ్యి. ఎందుకు పెట్టిననో."

నేను మంచం పక్కన నిలబడే ఉన్నాను. కూర్చోమంది, కూర్చోలేకపోయాను. నీది నాకియ్యి అన్న మాట ఆమెకి గుర్తుందా అని మొహంలోకి చూశాను. గుర్తుందనే అనిపించింది. ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్ని.

కారిడార్‌లో బావగారు కాఫీ మెషీన్ దగ్గర ఉన్నారు. ఇన్నేళ్ళూ ఆయన నన్ను ఏమే అనీ, నువ్వనీ పిలిచేవారు. ఆ రోజు నా వైపు తిరిగి, "మీరు ఇంటికెళ్ళండి, పిల్ల స్కూల్ నుంచి వస్తది," అన్నారు. గొంతులో కోపం లేదు. పార్కింగ్‌లోకి వచ్చి కార్‌లో కూర్చున్నాక, ఆయన మీరు అన్నారన్న సంగతి తట్టింది.

రాత్రుళ్ళు మా ఆయన నాకు నచ్చజెప్పేవాడు. పిస్టల్ ఉంటే ఆవిడ కాల్చేదా, కాల్చే లోపు అతను లాక్కునేవాడా, అది జారి కింద పడి పేలేదా, ఇవేవీ ఎవరూ చెప్పలేరనేవాడు. నిజమే. నాకూ అవన్నీ తెలుసు. ఆ మాటలే ఆఫీసులో నేను ఇతరులకి చెప్తాను. కానీ నా పిస్టల్ ఇవ్వనన్నప్పుడు నేనివేవీ ఆలోచించలేదు. నాది పంపడానికి నాకేమీ ఖర్చు కాలేదు. అది నా దగ్గర ఉన్నా లేకపోయినా తేడా లేనిది. ఆమెది అలా కాదని తెలిసీ, ఇద్దరిదీ ఒకటే లెక్క అన్నట్టు మాట్లాడాను. రేంజ్‌లో నవ్విన బస్సు డ్రైవర్ మీద నాకున్న కోపం తీర్చుకున్నది అక్క మీద.

జూన్ చివర్లో రెండు పెట్టెలూ కలిసే వచ్చాయి. మా ఆయన సంతకం పెట్టాడు. రెండిట్లోనూ కొత్త భాగం వేశామనీ, సహకరించినందుకు కృతజ్ఞతలనీ ఒకే కాగితం ఉంది. అక్క పెట్టె తీసుకుని దుకాణానికి వెళ్ళాను. కౌంటర్ చుట్టూ అప్పటికి మందపాటి అద్దం బిగించారు. బావగారు పెట్టె తెరిచి, కాగితం మొత్తం చదివి, పిస్టల్‌ని తుడిచి అరలో పెట్టారు. "శ్రమ తీసుకున్నారు," అన్నారు. అక్క మళ్ళీ ఆ కౌంటర్‌లో కూర్చోలేదు. నాది నేను కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చేశాను. రేంజ్‌కి పోవడం మానేశాను.

ఆ ఏడాది మా కంపెనీలో ఒక రీకాల్ వచ్చింది. మార్చాల్సిన భాగం ఇంకా తయారుకాలేదు, ముందు కార్లవాళ్ళకి నడపొద్దని చెప్పేద్దామన్నారు. భాగం వచ్చేదాకా వాళ్ళు పనికెలా వెళ్తారని మీటింగ్‌లో అడిగాను. అది మన పరిధిలోది కాదని మేనేజర్ అన్నాడు. అంతకు ముందు ఏడాదయితే ఆ మాట నేనే అనేదాన్ని.

మరుసటి ఏడు వాళ్ళు దుకాణం అమ్మేసి, వర్జీనియాలో షాంటిలీ దగ్గర కొడుకు ఉన్నచోటికి వెళ్ళిపోయారు. ఆ అబ్బాయి ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి మమ్మల్ని పిలిచాడు. అక్క నన్ను మేడ మీదికి తీసుకెళ్ళి చీర కట్టమంది. ఆమె కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, కుచ్చిళ్ళు పట్టవు. మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పెడుతూ, తల ఎత్తకుండానే అడిగాను. ఆ రోజు కార్‌లో నువ్వు అడిగినప్పుడు నాది నీకిచ్చి ఉండాల్సింది కదా అక్కా అని.

"నువ్వు ఇచ్చుంటే నేను కాలుస్తుంటి," అంది. "నా గురి నీకు తెల్సు కద. వాడు చస్తుండె. ఆ పిల్లగానికీ తల్లి ఉంటది. ఇయ్యకపోతివి, చెయ్యి పాయె. ఏది మంచిగయిందో నాకైతే తెల్వది. అన్నంలో చెయ్యి పెట్టినప్పుడల్లా మాత్రం నీ మీద కోపమొస్తది."

నేను పిన్ను పెట్టాను. ఇంకా కొంచెం పైకి పెట్టమంది, తీసి మళ్ళీ పెట్టాను.

కింద పేరంటాళ్ళు వచ్చారు. వాళ్ళకి బొట్టు పెట్టడానికి అక్క కుంకుమ భరిణె తీసింది. కుడిచేతి వేళ్ళకి కుంకుమ అందలేదు. ఎడమచేత్తో పెట్టబోయి ఆగింది. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, భరిణె నా చేతికిచ్చి పక్కకి జరిగింది. వచ్చినవాళ్ళందరికీ ఆమె తరఫున నేనే బొట్టు పెట్టాను.