సోలార్ పలక దింపిననాడు

తొంబైలల్ల బోథ్‌ల మా ఇంటి గూనపెంకులు తీసి సిమెంటు రేకులు ఏయిస్తుంటే, కప్పు మీది సోలార్ పలకను ముందుగాల దింపాల్సి వచ్చింది. మెకానిక్ బోల్టులిప్పి పలక లేపంగనే వాసన గుప్పుమన్నది. కింద జానెడు మందం పావురాల రెట్ట, అండ్ల చచ్చిన పావురం పిల్లలు, లుకలుకలాడే పురుగులు. మెకానిక్ ముక్కుకు దస్తీ పెట్టుకొని దిగిపోయిండు.

పెంకులు మోసుటానికి కూలికొచ్చిన ముసలామె పైకెక్కి, ఉత్త చేతులతోనే అంతా ఎత్తిపోసింది. దిగినంక, "జర మంచినీళ్లియ్యి పటేలా" అన్నది. బాపు చెంబు ఎత్తిపట్టి, తాకకుంట ఆమె దోసిట్ల పోసిండు. చేతులు కడుక్కోనియ్యలే. ఆమె గట్లనే తాగింది.

"గిలాసల ఇయ్యరాదా బాపూ" అన్న.

"వాళ్లకు మన గిలాస ఎట్లిస్తం?" అన్నడు, మామూలుగనే.

మెకానిక్ అరుగు మీద కూసొని మా గిలాసలనే చాయ్ తాగుతుండు.

నేను లోపటికి పోయి సబ్బు, గిలాసెడు నీళ్లు తెచ్చేవరకు ఆమె బయట బజారు బోరింగు కాడ చేతులు కడుక్కుంటుంది. "ఇప్పుడెందుకు బిడ్డా, తాగిన గదా" అన్నది.

మూడొద్దులకు రేకుల మీద పలక మళ్ల బిగించిన్రు. బల్బు ఎలిగితే ఇంటిల్లిపాది మురిసిన్రు. నాకైతే బాపు పక్కన కూసొని బువ్వ తిన బుద్ధి కాలే. ఆ వారమంతా పెరట్ల ఒక్కన్నే తిన్న.