వడియం వెనక నేత అచ్చు

1974 మార్చిలో మద్రాసు ప్రకటనల కంపెనీ ఒకటి నన్ను తన విజయవాడ బ్రాంచిలో జూనియర్ ఎగ్జిక్యూటివ్‌గా వేసింది. హోదా పేరు ఘనంగానే ఉండేది. పని మాత్రం సైకిలు మీద కిరాణా కొట్లు తిరిగి, ఏ మార్కు సరుకు ఎందుకు అమ్ముడవుతోందో రాసుకురావడం.

కొన్ని నెలలకే నా చేతికి మొదటి లైసెన్సు ఒప్పందం వచ్చింది. గుణదలలో మార్తమ్మ గారని ఒకావిడ చిలక మార్కు బియ్యప్పిండి వడియాలు పెట్టేవారు. భర్త పోయాక ఆ మార్కు మీదే ఇల్లు నిలబెట్టుకున్నారు. మా కంపెనీతో ప్రకటనలు వేయించుకునే మద్రాసు ఫ్యాక్టరీ ఒకటి ఆ పేరుతో తాము తయారు చేసుకుంటామని, అందుకు ఆవిడకు రాయల్టీ ఇస్తామని ముందుకొచ్చింది. మార్కు ఇంకొకరు వాడుకున్నా, నాణ్యత మీద అదుపు సొంతదారుకే ఉండాలి. ఆ షరతులు రాయడం నా వంతు. వడియం వెడల్పు, బరువు, ఉప్పు, తేమ అన్నీ కొలిచి రాశాను. వంటింటి మొహం ఎరగనివాణ్ణి కాబట్టి, వెనకవైపు సన్నటి గళ్లు కనిపిస్తే లోపమనుకుని, రెండు వైపులా నున్నగా ఉండాలని కూడా చేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫ్యాక్టరీ నుంచి నమూనాలు వచ్చాయి. ఒక్క కొలతా తప్పలేదు. మార్తమ్మ గారు ఒకటి తీసి, తిరగేసి చూసి, పళ్లెంలో పెట్టేశారు.

"ఇయ్యి నాయి కాదు బాబూ. నేను సంతకం పెట్టను."

రుచి బాగానే ఉంది కదండీ అన్నాను.

"రుచి ఇంటికెళ్లి వేయించుకున్నాక కదా తెలిసేది. కొట్లో తిరగేసి నేత అచ్చు చూస్తారు. బట్ట మీద ఎండినయ్యో, రేకు మీద ఎండినయ్యో అక్కడే తెలిసిపోద్ది. ఈ నున్నటియ్యి నా పేరున అమ్మితే, రేపు నన్ను నమ్మి ఎవరు కొంటారు?"

నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు వన్‌టౌన్‌లో ఒక కొట్టు దగ్గర నిలబడ్డాను. వచ్చినవాళ్లు వచ్చినట్టే కవరు తిరగేసి వడియాల వెనకవైపు చూశారు. కవరు మీది చిలక బొమ్మ వంక చూసినవారు ఒక్కరూ లేరు. నెలల తరబడి ఆ కొట్లే తిరిగాను కదా, సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

ఆ షరతు కొట్టేసి, వడియాలు మంగళగిరి నూలు బట్ట మీదే ఎండాలని, నేత అచ్చు కనబడాలని రాశాను. ఫ్యాక్టరీ మేనేజరు గారు ఫోన్లో చాలాసేపు గొణిగి, చివరికి బట్టకు ఆర్డరిచ్చారు. రెండో విడత నమూనాను మార్తమ్మ గారు వేలితో తడిమి చూశారు.

"ఆ పెన్ను ఇటివ్వు బాబూ," అన్నారు.

ఆ పూట ఆవిడ వేయించి పెట్టిన వడియాలు ఎన్ని తిన్నానో నాకే తెలియదు. అంత సంతోషం ఉద్యోగంలో మళ్లీ కొద్దిసార్లే కలిగింది.

తర్వాత ఇలాంటి ఒప్పందాలు చాలా రాశాను. ప్రతిసారీ ముందు కొట్టుకు వెళ్లి, కొనేవాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో చూసి, ఆ తర్వాతే కాగితం తీశాను.