అడవి చిత్రంలో గొర్రెల కాపరి

పదవీ విరమణకు ఆరేళ్ళ ముందు, ఒక మార్చి నెల మొదటి సోమవారం ఆ చిత్రం నా బల్ల మీదికి వచ్చింది. అమెరికా తూర్పు తీరంలోని ఒక మ్యూజియంలో అప్పుడు నేను సీనియర్ కన్సర్వేటర్‌ని. అంటే పాత చిత్రాలను శుభ్రం చేసి, దెబ్బతిన్నచోట బాగుచేసేవాడిని. వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ అడవి చిత్రం. కొండలు, జలపాతం, దాని పక్కన చెట్ల గుబురు, ముందువైపు పిడుగు పడి చీలిన ఒక మాను. మనిషి జాడ లేదు. ఏడు వారాల్లో ప్రదర్శన.

నా చదువూ, మొదటి పన్నెండేళ్ళ ఉద్యోగమూ యూరప్‌లో గడిచాయి. అక్కడి ప్రకృతి చిత్రాల్లో మనిషి గుర్తు ఎక్కడో ఒకచోట ఉంటుంది. పాడుబడిన కోటో, చర్చి గోపురమో, గొర్రెల కాపరో. దాన్ని పట్టుకునే చూసేవాడు మిగతా దూరాన్ని అంచనా వేసుకుంటాడు. అమెరికన్ అడవులంటే నాకు లోలోపల చిన్నచూపే. పైకి అనలేదు గానీ, ఎవరూ లేని అడవి నా కంటికి సగంలో ఆపేసిన పనిలా ఉండేది.

పైరంగు కింద ఏముందో చూపించే ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీయించాను. చెట్ల గుబురు కింద ఒక గొర్రెల కాపరి, అతని వెనక కూలిన బురుజు! నాకు పట్టరాని సంతోషం కలిగింది. తర్వాతి కాలంలో ఎవరో చెట్లు పులిమి కాపరిని కప్పేశారని తేల్చేశాను. గుబురు అంచున పరీక్షిస్తే ఆ పచ్చరంగు, రంగును కరిగించే సాల్వెంట్ తగలగానే మెత్తబడింది. పాతరంగు నిలుస్తుంది, కొత్తది కరుగుతుంది అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. పై పొర తీసేస్తానని ప్రతిపాదన రాశాను. చీఫ్ క్యూరేటర్ సంతకం చేశారు.

గురువారం ఉదయం మైక్రోస్కోప్ కింద, పుల్లకు చుట్టిన దూదితో పని మొదలుపెట్టాను. గోరంత మేర చెట్టు పోయింది. కింద కాపరి టోపీ అంచు తేలింది. ఇంకో దూది తడిపాను.

చిత్రాలకు ఫొటోలు తీసే మా విభాగంలోని శిరీష పక్కన మానిటర్‌లో అదే చోటు చూస్తోంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మీటింగుల్లో తప్ప నన్ను అంకుల్ అనే పిలిచేది.

“అంకుల్, స్టాప్ చేయండి. ప్లీజ్.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. సంతకాలయ్యాక మధ్యలో ఆపడమేమిటన్నాను.

“ఈ క్రాక్ చూడండి. ట్రీ నుంచి స్ట్రెయిట్‌గా షెపర్డ్‌లోకి వెళ్తుంది. ఎవరో లేటర్‌గా పెయింట్ చేస్తే, ఓల్డ్ క్రాక్స్ లోపలికి గ్రీన్ వెళ్ళాలి కదా? అక్కడ గ్రీన్ లేదు, అంకుల్.”

దూది పక్కన పెట్టి మైక్రోస్కోప్ మీదికి వంగాను. చూశాను. ఒక్క పగులులోనూ పచ్చరంగు లేదు. రెండు పొరలూ కలిసే ఎండాయి, కలిసే చీలాయి. కాపరిని కప్పింది ఆ చిత్రకారుడే. పచ్చరంగులో ఆయన రెజిన్ అనే చెట్టు జిగురు కలిపాడని, అందుకే అంత సులువుగా కరిగిందని తర్వాత ల్యాబ్ చెప్పింది. యూరప్ పద్ధతిలో మొదలుపెట్టి, మనిషినీ బురుజునూ వద్దనుకున్నాడు. తన దేశం ఎంత పాతదో చెప్పడానికి కూలిన కోటతో పనిలేదు, ఆ చీలిన మాను చాలనుకున్నాడు. ఆ అడవిలో అప్పటికే అక్కడి ఆదివాసులు బతుకుతున్నారన్నది వేరే సంగతి.

చీఫ్ క్యూరేటర్ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ ఎంత పోయిందని మాత్రం అడిగారు. కావాలంటే మళ్ళీ తీసేయగలిగే రంగుతో ఆ చోటు నింపాను. రిపోర్టులో నష్టానికి కారణం అన్న చోట నా పేరే రాసి సంతకం పెట్టాను.

ప్రదర్శనలో ఎవరూ గమనించలేదు. సాల్వెంట్ ముట్టుకునే ముందు పగుళ్ళు చూడాలని, అంతకన్నా ముందు నాకేం కనబడాలని ఉందో కాగితం మీద రాసుకోవాలని నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అలాగే చేశాను. ఆయన కావాలని వేసిన చెట్టులో గోరంత ముక్క మాత్రం ఇప్పుడు నేను వేసింది.