తడిగుడ్డ మానేసిన వదిన

మా వదిన నోట ఇంట్లో ఎక్కువగా వినబడే మాటలు రెండే. ఒకటి "చెప్పులు బయట", రెండోది "కాళ్ళెత్తండి". తడిగుడ్డ చుట్టిన కర్ర పట్టుకుని ఆవిడ హాల్లోకి అడుగుపెడితే పేపరు చదువుతున్నవాడైనా, ఫోన్లో మాట్లాడుతున్నవాడైనా, అలిగి కూర్చున్నవాడైనా కాళ్ళు పైకెత్తాల్సిందే. మా అన్నయ్యకు పెళ్ళయిన కొత్తలోనే ఈ విద్య పట్టుబడింది. ఇప్పుడు నిద్రలో కూడా ఎత్తుతాడు. నాకు కాస్త ఆలస్యమైంది. మా నాన్న మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఎత్తిన పాపాన పోలేదు. "నా ఇంట్లో నా కాళ్ళు నా ఇష్టం" అనేవాడు. వదిన నోరెత్తకుండా ఆయన కుర్చీ చుట్టూ తుడుచుకుని పోయేది. నేలంతా తడిగా మెరుస్తుంటే ఆయన పాదాలున్న చోటు మాత్రం పొడిగా మిగిలిపోయేది.

అలాంటి నాన్న ఒకరోజు అప్పుడే తుడిచిన నడవాలో కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఎలా పడ్డారని డాక్టరు అడిగితే "చెప్పు జారిందండీ" అన్నాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలందరికీ అదే చెప్పాడు. మా ఇంట్లో చెప్పు గుమ్మం దాటి లోపలికొచ్చిన దాఖలా లేదని వీధి మొత్తానికీ తెలుసు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాన్నకు ఆ పనితనం బొత్తిగా లేదు. వదిన మంచం పక్కనే నిలబడి అంతా విన్నది.

"నాలుగు తిట్టినా బాగుండేదయ్యా" అంది ఇంటికొచ్చాక నాతో.

ఆ సాయంత్రమే కర్ర పెరటి గోడకు చేరింది. ఆయన తిరిగే ఇంట్లో నేలమీద ఇక నీటిచుక్క పడదని తేల్చి చెప్పేసింది.

ఒట్టు పెట్టుకోవడానికి అంతకన్నా చెడ్డ ముహూర్తం ఉండదు. నాన్న ఇకపై వాకరు పట్టుకుని నడవాలి. మా బాత్రూం తలుపేమో ఇరుకు, గడపేమో ఎత్తు, లోపల టైల్స్ నున్నన. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేలోగా గోడ పగలగొట్టి తలుపు వెడల్పు చేయాలి, గడప తీసేయాలి, గరుకు టైల్స్ వేయాలి. పైగా నాన్న ఛాతీ బలహీనమని, ఇంట్లో దుమ్ము పనికిరాదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఏమిటో మాకు అప్పుడే తెలిసింది.

మేస్త్రీది పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద తుమ్ము. రాగానే నేల మీద కాసిని నీళ్ళు చల్లమన్నాడు.

"నీళ్ళు వద్దు" అంది వదిన.

"దుమ్ము అణుగుతుందమ్మా."

"టైల్స్ వీధిలో కోసుకోండి."

"టైల్స్ సరేనమ్మా. గోడను వీధిలోకి తీసుకెళ్ళి పగలగొట్టలేను కదా."

వదిన తలుపులన్నిటికీ ప్లాస్టిక్ పట్టాలు కట్టి టేపు వేసింది. తలుపుల కింది సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కింది. సోఫా, టీవీ, బియ్యం డబ్బా, ఆఖరికి గుమ్మం బయటున్న నా చెప్పుల స్టాండు కూడా దుప్పట్ల కిందికి వెళ్ళాయి. అయినా దుమ్ము మా కంటే ముందే ప్రతి గదిలోకీ చేరింది. చక్కెరలో దుమ్ము, మూసిన కళ్ళద్దాల పెట్టెలో దుమ్ము. మా అన్నయ్య ఉక్కపోస్తోందని హాల్లో ఫ్యాన్ వేశాడు. రెక్కల మీద పేరుకున్నదంతా ఒక్కసారి దిగింది, ఆయన జుట్టు తెల్లబడటానికి పదేళ్ళు ఆగనక్కర్లేకపోయింది.

వదిన పొడి చీపురుతో ఊడ్చేది. ఊడ్చినకొద్దీ దుమ్ము లేచేది, లేచింది ఆవిడ వెనకే మళ్ళీ కూర్చునేది. నాకు ఒళ్ళు మండింది.

"నాన్న ఇంట్లో లేడు కదా వదినా. ఇప్పుడు తుడిస్తే ఎవరు జారతారు? ఒట్టు నీది, తుమ్ములు మావి."

"ఇప్పుడు మొదలెడితే ఆయన వచ్చాక చెయ్యి ఊరుకోదు" అంది, చీపురు ఆపకుండా.

నాన్న వచ్చే రోజుకు బాత్రూం తయారైంది. దుమ్ము మాత్రం నేల మీద పలచగా మిగిలింది. తుడిస్తే జారతాడని భయం, తుడవకపోతే దగ్గుతాడని భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వదిన వంటింటి గుమ్మంలో చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడనలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

అన్నయ్య ఆయన్ని నెమ్మదిగా నడిపించుకొచ్చాడు. నాన్న ముందు బాత్రూం చూశాడు. గోడకు బిగించిన స్టీలు కడ్డీ పట్టుకుని "బస్సులా ఉందిరా. కండక్టరెవరు?" అన్నాడు. తర్వాత హాల్లో తన కుర్చీలో కూర్చుని, పక్కనున్న బల్ల మీద వేలు రాసి చూసుకున్నాడు. తుమ్మాడు.

"ఏమ్మా, నేను లేనని ఇల్లొదిలేశావా? తడిగుడ్డేదీ?"

"వద్దు మామయ్యగారూ. మళ్ళీ జారతారు."

"నేను పడింది చెప్పు జారి."

"మనింట్లో చెప్పులెక్కడివి మామయ్యగారూ?"

నాన్న తన పాదాల వంక చూసుకున్నాడు.

"ఆ రోజు ఆరేదాకా లేవొద్దన్నావు. విన్నానా?" అన్నాడు చివరికి. "ఒరేయ్, ఆ కర్ర పట్రా."

పరుగెత్తుకెళ్ళి తెచ్చాను. గుడ్డ ఎండి అట్టలా బిగుసుకుపోయింది. వదిన దాన్ని తడిపి, చుక్క కారకుండా పిండి, మళ్ళీ పిండింది. గోడ వారనుంచి తుడుచుకుంటూ వచ్చి, నాన్న కుర్చీ దగ్గరికి రాగానే అలవాటుగా పక్కకు తిరిగింది.

"ఆగు" అన్నాడు నాన్న. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, బాగున్న కాలు పైకెత్తాడు. "రెండోది నా వల్ల కాదు. అది నువ్వే ఎత్తాలి."

వదిన గుడ్డ విప్పి తీసుకుని, కర్ర పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. ఒక చేత్తో ఆయన పాదం ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఆ చోటు తుడిచింది. ఆ తర్వాత కొంగుతో పొడిగా అద్ది, పాదాన్ని మెల్లగా కింద పెట్టింది.