ఫ్లైవీల్ మీద సుద్ద గీత

2003 వేసవి. మచిలీపట్నం పక్కనున్న గిలకలదిండి హార్బర్‌లో వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నెలన్నర బోట్లు సముద్రంలోకి వెళ్ళవు. వేటకు వెళ్ళేవాళ్ళకు అది విశ్రాంతి. నాలాంటి డీజిల్ మెకానిక్కులకు మాత్రం అన్నం తినే తీరిక కూడా ఉండదు. బోట్లన్నీ ఒడ్డు మీదికి ఎక్కించి ఉంటాయి, ఒకదాని ఇంజన్ విప్పుతుంటే పక్క బోటు వాళ్ళు కేకలేస్తుంటారు. నేను రోజూ పెడన నుంచి మోపెడ్ మీద వచ్చేవాణ్ణి. అప్పటికి ఆ పనిలో పదకొండో ఏడు.

ఆ ఏడాది హార్బరంతా ఒకటే మాట, కోటయ్య గారి ప్రొపెల్లర్. బోటు వెనక నీళ్ళలో తిరుగుతూ బోటును ముందుకు తోసే రెక్కల చక్రమే ప్రొపెల్లర్. మా దగ్గర అందరూ ఫ్యాను అనేవారు. కోటయ్య గారు అంతకుముందు సీజన్‌లో తన బోటుకు నాలుగు రెక్కల పెద్ద ఫ్యాను వేయించారు. ఆ సీజన్‌లో ఆయనకు పడ్డట్టు రొయ్య ఇంకెవరికీ పడలేదు. ఇంకేముంది, నిషేధం మొదలైన వారానికల్లా కాకినాడ నుంచి అలాంటి ఫ్యాన్లే లారీలో దిగాయి. టీ కొట్టు దగ్గర ఎవరు ఎదురైనా "నీ ఫ్యాను వచ్చిందా?" అనే పలకరింపే.

అందులో అయిదు బోట్లకు నేనే బిగించాను. అయిదోది ఎత్తుతున్నప్పుడు మనసులో ఏదో పీకడం మొదలైంది. పాత ఫ్యానును నేనొక్కణ్ణే దించాను, కొత్తదాన్ని ఎత్తడానికి ముగ్గురం కావాల్సొచ్చింది. ఈ ఇంజన్ దీన్ని తిప్పగలదా అనిపించింది. కానీ ఊరంతా వేయిస్తోంది, నాకంటే పెద్ద మేస్త్రీలు బిగిస్తున్నారు, మధ్యలో నేనెవర్ని? నోరు మూసుకుని నట్టు బిగించి ఇంటికి పోయాను. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఆ మర్నాడు నాంచారమ్మ గారు కబురు పెట్టారు. భర్త పోయాక ఒక్క బోటుతో ఇల్లు నడుపుకొస్తున్న మనిషి. చేపల వేలంలో ఆవిడ గొంతు లేస్తే మిగతా గొంతులు తగ్గేవి. ముందు ఏడాదే ఇంజన్ మొత్తం విప్పించి బాగు చేయించుకున్నారు. మళ్ళీ అలాంటి దెబ్బ తగిలితే బోటు అమ్ముకోవడమేనని నాకూ తెలుసు. ఆవిడ తమ్ముడు వీరాస్వామి ఆ బోటుకు సరంగు, అంటే నడిపేవాడు. నేను వెళ్ళేసరికి కొత్త ఫ్యాను బోటు పక్కన గోనెపట్టా మీద మెరుస్తోంది.

"ఏం బావా, మా ఫ్యాను ముహూర్తం ఇవాళేనా?" అన్నాడు వీరాస్వామి చేతులు రుద్దుకుంటూ.

ఆ బోటు ఇంజన్‌ను ఆరేళ్ళుగా చూస్తున్నాను. దాని చప్పుడు నాకు ఇంట్లో మనిషి దగ్గులా తెలుసు. స్పానరు తీశాను, మళ్ళీ సంచిలో పెట్టేశాను.

"నాంచారమ్మ గారూ, మీ బోటుకిది వద్దనిపిస్తోందండీ."

"ఎందుకు వద్దు?"

"ఇంజన్ లాగలేదేమోనని..."

వీరాస్వామి గట్టిగా నవ్వాడు. "అందరి ఇంజన్లూ లాగుతాయి, మాదే లాగదా? అక్కా, పాత ఫ్యానుతో వెళ్తే నా పక్కన ఒక్క కళాసీ ఎక్కడు. పెద్ద ఫ్యాను లేని బోటుకి రొయ్య పడదని అప్పుడే మొహం మీదే అంటన్నారు."

అదీ అబద్ధం కాదు. కళాసీలు, అంటే బోటులో పనిచేసేవాళ్ళు, అదృష్టమున్న బోటు వెతుక్కుని ఎక్కుతారు. మనుషులు లేకపోతే బోటు ఒడ్డునే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఇంజన్ పోతుందని నా భయం, వేయకపోతే మనుషులు పోతారని వాళ్ళ భయం.

నాంచారమ్మ గారు నా వైపే చూస్తూ అడిగారు. "మేస్త్రీ, నీకిది అనిపిస్తుందా, తెలుసా?"

"అనిపిస్తోందండీ."

"అనిపించేదాని మీద నా బోటు పెట్టలేనయ్యా. అట్టాగని నీకు అనిపించిందాన్ని కొట్టిపారేయలేను కూడా. పో, తెలుసుకుని రా. అందాకా ఫ్యాను ఆ గోనెపట్టా మీదే ఉంటది."

పదకొండేళ్ళలో నన్నెవరూ అలా నిలదీయలేదు. అవుననడమో కాదనడమో తప్ప మూడోదారి ఉందని నాకూ తట్టలేదు.

టీ తాగుతూ ఆలోచించాను. ఇంజన్ తిరిగినంత వేగంగా ఫ్యాను తిరగదు. మధ్యలో గేరుబాక్సు ఆ వేగాన్ని తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందన్నది బాక్సును బట్టి ఉంటుంది. ఎక్కువ తగ్గిస్తే పెద్ద ఫ్యానైనా తేలిగ్గా తిరుగుతుంది. తక్కువ తగ్గిస్తే ఆ బరువంతా ఇంజన్ మీద పడుతుంది. మరి కోటయ్య గారి గేరుబాక్సు ఎలాంటిది? ఈ ప్రశ్న హార్బర్‌లో ఎవరూ వేయలేదు. బాక్సు మీద రేకు ముక్కలో రాసే ఉంటుంది గానీ, ఏటా పూసే పచ్చ పెయింటు కింద అది ఎప్పుడో సమాధి అయిపోయింది. గీకినా అక్షరాలు మిగలవు.

సుద్దముక్క కొనుక్కుని కోటయ్య గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకు తన ఫ్యాను గురించి అడిగేవాళ్ళంటే మహా ప్రీతి. "చూసుకో నాయనా, చూసుకో," అని నాకు ఇంకో టీ కూడా ఇప్పించారు. ఇంజన్ వెనకుండే బరువైన చక్రం, ఫ్లైవీల్ మీద ఒక గీత గీశాను. గేరు వేసి, గడ్డపారతో ఫ్లైవీల్‌ను నెమ్మదిగా తిప్పాను. నా తప్పు పట్టుకుందామని వెంటొచ్చిన వీరాస్వామి కింద ఫ్యాను రెక్క మీద గీత గీసుకుని నిలబడ్డాడు.

"ఒకటి... రెండు... మూడు!" అని పైనుంచి అరిచాను.

"ఇదిగో, ఇప్పటికి ఒక్క చుట్టు!" అని కింద నుంచి అరిచాడు.

ఇంజన్ మూడు చుట్లు తిరిగితే ఫ్యాను ఒకటి. అక్కణ్ణుంచి నాంచారమ్మ గారి బోటు ఎక్కాం. అప్పటికి మా వెనక పాతికమంది పోగయ్యారు. నేను రెండో చుట్టు పూర్తి చేసేసరికే కింద వీరాస్వామి గొంతు సన్నగా వినిపించింది. "బావా... ఒక్క చుట్టు అయిపోయింది."

రెండుకు ఒకటి! కోటయ్య గారు తన బోటును ఎక్కడో వేరే ఊళ్ళో పాతది కొన్నారు. అందులో వేరే గేరుబాక్సు ఉన్న సంగతి ఆయనకే తెలియదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణంలో నేను బిగించిన అయిదు బోట్లు గుర్తొచ్చాయి. మా హార్బర్‌లో కొన్న బోట్లే కాబట్టి వాటిలోనూ నాంచారమ్మ గారి బోటులాంటి బాక్సులే ఉంటాయి.

ఆ అయిదుగురి దగ్గరికీ వెళ్ళి, "నేను చేసింది తప్పండీ, ఊరికే విప్పి పాతది బిగిస్తాను" అన్నాను. ముగ్గురు తిట్టారు. తిట్టి, సుద్దముక్క తెమ్మని, తామే లెక్కపెట్టుకుని, విప్పించుకున్నారు. ఇద్దరు మాత్రం, "ఊరంతా పిచ్చోళ్ళు, నువ్వొక్కడివే తెలివైనోడివా?" అని పంపేశారు.

నాంచారమ్మ గారి బోటు పాత ఫ్యానుతోనే ఉండిపోయింది. ఇద్దరు కళాసీలు వేరే బోటు చూసుకున్నారు. వాళ్ళ స్థానంలో ఎవరినో బతిమాలి తెచ్చిన వీరాస్వామి నాతో రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లవారేసరికి ఒడ్డు మీద నిలబడ్డాను. పెద్ద ఫ్యాన్ల బోట్లు చాలావరకు నల్లపొగ కక్కుకుంటూ బయల్దేరాయి. ఇంజన్ మీద మోయలేని బరువు పడితే వచ్చే పొగ అది. నాంచారమ్మ గారి బోటు తన మామూలు దగ్గుతో, పొగ లేకుండా వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికే తిరిగి వస్తూ కనిపించేసరికి, దీని ఇంజనూ పోయిందేమోనని నీళ్ళ అంచుకు పరిగెత్తాను. దగ్గరికొచ్చాక చూద్దును కదా, వెనక తాడు కట్టి ఇంకో బోటును లాక్కొస్తోంది! నన్ను తెలివైనోడివా అన్న ఇద్దరిలో ఒకరిది. ఇంజన్ కాగిపోయి ఆగిపోయిందట. తాడు విప్పుతూ వీరాస్వామి, "బావా, ఆ సుద్దముక్క ఇంకా ఉందా? అవతల నలుగురు అడుగుతున్నారు!" అని అరిచాడు. ఒడ్డున నాంచారమ్మ గారు చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

కథ ఇక్కడితో ఆపితే నాకు బాగానే ఉంటుంది. కానీ తర్వాత రెండేళ్ళకు బోట్లలోకి జీపీఎస్ వచ్చింది. బోటు ఎక్కడుందో చూపించే చిన్న పెట్టె. అందరూ ఎగబడి కొంటుంటే, నా మనసు మళ్ళీ వద్దంది. ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో పాడైపోతుందని నాంచారమ్మ గారికి గొప్పగా చెప్పాను. మరి పాత విజయం వెనకాల ఉంది కదా!

"అనిపిస్తుందా, తెలుసా?" అన్నారావిడ.

వీరాస్వామి ఆ పెట్టెను అరువు తెచ్చి, నన్నూ బోటెక్కించుకున్నాడు. దారి పొడుగునా వాంతులు చేసుకుంటూ చూశాను. తిరిగి వస్తుంటే పొగమంచులో పక్కనున్న మనిషే కనిపించడం లేదు. ఆ పెట్టె మాత్రం మమ్మల్ని తిన్నగా ఏరు సముద్రంలో కలిసే మొగలోకి తెచ్చి నిలబెట్టింది. ఈసారి జనమంతా ఒప్పు, నేను తప్పు.

ఒడ్డున నాంచారమ్మ గారు మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నారు. "ఏమయ్యా, తెలిసిందా?"

"తెలిసిందండీ. కొనండి," అన్నాను.

ఇన్నేళ్ళలో నాకు అనిపించినవాటిలో సగం నిజమయ్యాయి, సగం కాలేదు. ఊరు చెప్పినవాటి సంగతీ అంతే. ఇప్పటికీ నా చొక్కా జేబులో ఒక సుద్దముక్క ఉంటుంది. ఉతికేటప్పుడు తీయడం మరిచిపోతానని మా ఆవిడ తిడుతూనే ఉంటుంది.