బయట ఉన్న మనిషి నాడి

నలభై దాటాక నాకు నెలసరి ఒక పద్ధతి లేకుండా పోయింది. వచ్చిందంటే పోయేది కాదు. పాత ధోతి చింపి ఎన్ని మడతలు పెట్టుకున్నా, విస్తరి ముందు కూర్చుని అన్నం తిని లేచేలోపు తడిసిపోయేది. గడ్డలు గడ్డలుగా పడేది. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి. అప్పుడు మేం బోధన్ పక్క ఊళ్లో ఉండేవాళ్లం. చక్కెర కార్ఖానా కొత్తగా లేస్తున్న రోజులు. మాకు కొంత చెరుకు, కొంత పసుపు, ఇంటి నిండా పని.

నేను సుఖపడుతున్నానని మా ఇంట్లో వాళ్ల నమ్మకం. నవ్వులాటకు అనడం లేదు. ముట్టయిన ఆడది ఇంట్లోకి రావద్దు, పొయ్యి ముట్టద్దు, పెరట్లో చిన్న గుడిసెలో చాప వేసుకుని ఉండాలి. దాన్ని బయట ఉండుడు అనేవాళ్లు. ఊళ్లో ఆడవాళ్లందరూ రెండు మూడు రోజులుండి తలకు పోసుకుని లోపలికి పోయేవాళ్లు. నాకు నెలలో సగానికి పైగా ఆ గుడిసెలోనే గడిచేది. "మా కోడలికేంది, కూసుండి తింటున్నది" అని మా అత్త వచ్చిపోయే వాళ్లకు చెప్పేది. నాకు వినబడాలనే చెప్పేది. గోడ పట్టుకుని నడిచే మనిషికి ఆ తిండిలో ఏం సుఖముందో, ఒక్క పూట నా చాప మీద కూర్చుంటే ఆమెకు తెలిసేది.

బోధన్‌లో పేరున్న వైద్యుడు ఒకాయన ఉండేవాడు. మా ఆయన బండి కట్టి నన్ను అక్కడికి తీసుకుపోయాడు. నేను బండి దిగి అరుగు కింద నిలబడ్డాను. వైద్యుడు పైన పీట మీద నుంచి లేవలేదు.

"బయట ఉన్నదా?" అని అడిగాడు. నన్ను కాదు, మా ఆయనను.

"ఉన్నది."

"గట్లయితే నాడి ఎట్ల పట్టాలె? తలకు పోసుకున్నంక తోలుకరా."

"ఆగుతలేదనే గదయ్యా వచ్చింది" అన్నాను నేను, కొంగు అడ్డం పెట్టుకుని.

"మొగోళ్లు మాట్లాడంగ మధ్యల నువ్వెందుకు?" అని మా ఆయన కసిరాడు.

ఆ ఒక్క మాట మీద మమ్మల్ని ఎన్నిసార్లు తిప్పాడో! రక్తం ఆగితే నాడి చూస్తాడట. రక్తం ఆగితే నాకు వైద్యుడితో పనేమిటి? ఈ సంగతి ఇంతమంది మగవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఒకసారి ఆగింది. తలకు పోసుకుని బయల్దేరితే, బోధన్ చేరకముందే బండిలో మళ్లీ మొదలైంది. బండి వెనక్కి తిప్పారు. చివరికి మా ఆయన చెప్పిన గుర్తుల మీద ఆయన ఏదో పొడి కట్టి ఇచ్చాడు. మా ఆయనకు తెలిసిన గుర్తులేమిటి? "జర ఎక్కువ పోతున్నదట." అంతే. నా ఒంటి సంగతి నా ఎదురుగా వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు, నేను చెట్టునో గుంజనో అయినట్టు. ఆ పొడి తింటే కడుపులో మంట తప్ప ఇంకేం రాలేదు.

మా అత్త అసలు మందే వద్దనేది. "చెడ్డ రత్తం, పోనియ్యాలె. ఆపితే తలకెక్కుతది" అనేది. మంత్రసాని ఏదో కషాయం కాచి పోసింది. పక్కింటామె వచ్చి, "ఇంకెన్ని దినాలే అక్కా, వయసైతే అదే ఆగుతది, జర ఓపిక పట్టు" అంది. ఓపిక పట్టమని చెప్పడానికి ఎవరికీ ఒక్క చుక్క రక్తం ఖర్చు కాదు.

అంతలో పసుపు ఉడకబెట్టే కాలం వచ్చింది. కాగులో కొమ్ము ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చెప్పే పని మా ఇంట్లో నాది. కానీ బయట ఉన్న మనిషి నీడ పడితే పసుపు రంగు చెడుతుందని, ఆ ఏడు నన్ను కాగు దరిదాపులకు రానివ్వలేదు. నేను గుడిసెలో కూర్చుని, వాసన పట్టి, "దించుండ్రి, మెత్తవడ్డది" అని అరిచాను. ఒక్కరూ చెవిన వేసుకోలేదు. కొమ్ములన్నీ చిదికిపోయాయి. ఎండబోస్తే ముడతలు పడి నల్లబడ్డాయి. నిజామాబాద్‌లో వ్యాపారి ఒక కొమ్ము విరిచి చూసి, తిరిగి కుప్పలోకి విసిరేశాడట.

ఆ రోజు ఇంటికి రాగానే మా ఆయన గుడిసె ముందు నిలబడి, "నిజామాబాద్ల ఆడోళ్ల దవాఖాన ఉన్నదట, రేపు పోదాం" అన్నాడు. నా ముఖం పాలిపోయినప్పుడు ఈ మాట రాలేదు. నేను బావి దగ్గర కళ్లు తిరిగి పడ్డప్పుడు రాలేదు. పసుపు నల్లబడ్డాక వచ్చింది. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రైలు కిక్కిరిసి ఉంది. మాతో వచ్చిన మా అత్త నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది, నా చెంబులో నీళ్లు తాగింది. ఇంట్లో ఉన్న అంటు రైల్లో లేదన్నమాట! నేను ఆమె ముఖంలోకి అలాగే చూస్తూ కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి చెరుకు తోటలు చూసింది.

డాక్టరమ్మ ఉర్దూ మనిషి, వచ్చీరాని తెలుగు. నేను అలవాటు చొప్పున గుమ్మం బయటే ఆగి, "బయట ఉన్ననమ్మా" అన్నాను.

"అందుకే గదా వచ్చినవ్" అని ఆమె లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషంతో అనుకునేరు, కాదు, కోపంతో. ఇంతేనా? ఇంత చిన్న పనికా నన్ను అన్ని నెలలు ఎండలో నిలబెట్టారు?

ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది, లోపల పరీక్ష చేసింది, గర్భసంచిలో గడ్డ ఉందంది. మా ఆయననూ అత్తనూ పిలిచి చేయదగ్గవన్నీ చెప్పింది. రక్తం తగ్గడానికి చుక్కల మందు, బలానికి ఇనుము మందు తాగుతూ ముట్టుడిగే దాకా ఆగవచ్చు, కానీ అది ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేనంది. లేకుంటే లోపల గీకి శుభ్రం చేయవచ్చు, కానీ గడ్డ అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ మొదలు కావచ్చు. సంచి తీసేస్తే పీడ పోతుంది. దానికి హైదరాబాద్ పోవాలి. "ఈమె ఒంట్ల ఖూన్ తక్కువున్నది. ముందు మందు తిని తాకత్ రావాలె. అయినా బల్ల మీద జాన్ పోవచ్చు" అంది. దాచకుండా చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

"సంచి తీస్తె ఇగ ఆడదెట్లయితది? వద్దు" అంది మా అత్త.

మా ఆయన డాక్టరమ్మను అడిగాడు. "గీకుతె మల్ల పసుపు కాలం దాక ఆగుతదా అమ్మా?"

ఇక నేను ఊరుకోలేదు. "నన్నడుగుండ్రి" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "గుడిసెల కూసున్నది నేను. బల్ల మీద పండేది నేను. సస్తె సచ్చేది నేను. సంచి తీపిచ్చుకుంట."

"పిస్స లేసిందా నీకు?" అంది అత్త.

"లేసింది. అయినా తీపిచ్చుకుంట."

డాక్టరమ్మ మా ఆయన వైపు తిరిగి, "మీరు ఒప్పుకోవాలె. లేకుంటే అక్కడ చేయరు" అంది. అప్పుడు ఆమె మీద కూడా కోపం వచ్చింది నాకు. నా చెయ్యి పట్టుకున్న మనిషే, మాట మాత్రం ఆయనను అడిగింది.

"నువ్వొప్పుకోకుంటె నేను ఇంటికి రాను. ఈడనే కూసుంట" అన్నాను మా ఆయనతో. ఆయన తలకున్న రుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. నా వైపు చూడకుండా "సరే" అన్నాడు.

మందులు తిన్నాను, కొంత బలం వచ్చాక హైదరాబాద్ పోయాము. బల్ల మీద పడుకుని మత్తు వాసన పీల్చేటప్పుడు భయమేసింది. అయినా లేచి పోదామనిపించలేదు. బతికాను.

ఇంటికి వచ్చాక ఊళ్లో ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. మా అత్త వాళ్లకు పీటలు వేసి, "నా కొడుకు పట్నం దాక తోలుకపోయి బతికిచ్చుకున్నడు" అని చెప్పింది.

"గసుంటి మొగడు ఎందరికి దొరుకుతడు?" అన్నారు వాళ్లు. మా ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. కాదనలేదు.

"తీపిచ్చుకుంటనన్నది నేను" అన్నాను మంచంలోంచి.

"అవునవును, పండుకో అక్కా" అని ఒకామె నా మీద దుప్పటి సర్దింది.

ఊళ్లో ఇప్పటికీ ఆ మాటే నిలిచింది. ఆయన నన్ను బతికించాడంటారు. బతుకుతానని పట్టుబట్టింది నేను కదా అంటే, ఇంకా కోపం తగ్గలేదా అని నన్నే అడుగుతారు. తగ్గలేదు.