ఆకుజెముడు పాలు, మా అక్క కన్ను

మా చిన్నప్పుడు... గుండుగొలనులో మా పశువుల దొడ్డి చుట్టూ ఆకుజెముడు దడి ఉండేది. మనిషెత్తు దాటి, ఒళ్ళంతా ముళ్ళతో... గేదెలు కూడా దాని జోలికి పోయేవి కావు.

మాకు మందుల కొట్టూ అదే. చెవిపోటు వస్తే మామ్మ ఆకుని నిప్పుల మీద వాడ్చి, గోరువెచ్చని పసరు చెవిలో పిండేది. పులిపిర్లకి దాని పాలు రాసేది. పొలాలకి నీళ్ళు పారే బోదెల్లో నీరు తగ్గాక కొందరు కొమ్మలు నలగ్గొట్టి వేస్తే చేపలు మత్తెక్కి తేలేవి. "ఆ నీళ్ళు గొడ్లు తాగవంట్రా?" అని మామ్మ వాళ్ళని దులిపేసేది.

మాకు మాత్రం ఒకటే హెచ్చరిక. "పాలు కంట్లో పడితే కన్ను పోద్దే!"

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నూర్పిళ్ళ రోజులు. వద్దన్న పనే చేయాలి కదా... ఎవరూ చూడకుండా కొమ్మ విరిచాను. వేళ్ళకంటిన పాలు పావడాకి తుడిచేశాను.

అంతలో పదిహేనేళ్ళ మా అక్క కన్ను నులుముకుంటూ వచ్చింది. "నలక పడిందే... కాస్త ఆవిరి పట్టవే."

మీకు తెలిసిందే... గుడ్డ కొస మడిచి, నోటితో వెచ్చగా ఊది, కంటికి అద్దడం. నేను నా పావడా కొసే మడిచాను. మూడుసార్లు ఊది, అద్దాను.

అక్క పెట్టిన కేకకి నూర్పిళ్ళు వదిలేసి అందరూ పరిగెత్తుకొచ్చారు.

మామ్మ చెంబులకొద్దీ నీళ్ళు కొట్టింది. పక్కింటి మరియమ్మగారు చంటిదాన్ని కింద పడుకోబెట్టి, చనుబాలు అక్క కంట్లో పిండారు. ఏలూరు ఆసుపత్రికి బయల్దేరుతూ నాన్నగారు గద్దించారు, "ఎలా పడిందసలు?"

నేను మామ్మ వెనక నక్కాను. నా పావడా మీద పాల మరక చూసి అక్కే అంది, "కొమ్మ నేనే విరిచానండి, నాన్నగారూ."

బస్సెక్కేదాకా అక్కకి తిట్లే. నాకేమో ప్రాణం లేచొచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

కన్ను దక్కింది. మసక మాత్రం ఉండిపోయింది.

మొన్న అక్కకి శుక్లాల ఆపరేషన్. పక్కన నేనే ఉన్నాను. "ఈ పాత మచ్చ ఎలా వచ్చిందండీ?" అన్నారు డాక్టరుగారు.

"చిన్నప్పుడు నేనే జెముడు కొమ్మ విరిచానండి," అంది అక్క, తడుముకోకుండా.

"కాదండీ... చేసింది నేను," అన్నాను. ఇన్నేళ్ళకి.

బయటికొచ్చాక అడిగాను, "నాన్నగారు పోయి ఎన్నాళ్ళైందే... ఇంకా ఎందుకక్కా?"

"అలవాటైపోయిందే," అంది.

ఆ దొడ్డి ఇప్పుడు చేపల చెరువు. ఆకుజెముడంటే మా పిల్లలకి తెలీదు. ఇంటికొక్కరే పిల్లలైపోయారు... తప్పు చేస్తే, తమ నెత్తిన వేసుకోవడానికి పక్కన రెండోవాళ్ళే లేరు.

మీ తప్పు మోసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇక్కడ రాయండి... కానీ ముందు వాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పండి.